పేరాశకు నేను గీసిన ముఖం

ఒక సంగతి లోపల దాచుకుని ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను. దాంతోనే వంట చేశాను, పెళ్లి చేసుకున్నాను, బిడ్డను కన్నాను, బడిలో పాఠాలు చెప్పాను. చూసేవాళ్లకు ఏమీ తెలియదు. మనిషిని బాగానే ఉన్నాను, కాస్త ఒళ్లు కూడా చేశాను. కానీ పక్కింట్లో ఏ పిల్లయినా గొంతెత్తి పద్యం చదివిందంటే నా చేతిలో గిన్నె జారిపోతుంది. మా ఆయన అది నీరసం అనుకుని టానిక్ సీసాలు తెస్తాడు. నేను తాగుతాను. ఆయనకు ఏమని చెప్పను?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే వింటూ నా ముఖంలోకి చూస్తారు. అది నేను తట్టుకోలేను.

ఇప్పుడెందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. పోయిన వారం మా చిన్నది బడి నుంచి ఒక పుస్తకం తెచ్చింది. రెండో తరగతి చదువుతోంది. పిల్లల కోసం వేసిన పాత పద్యాల పుస్తకం అది, పద్యానికొక రంగుల బొమ్మ. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. అది పుస్తకాన్ని నా ఒళ్లో పెట్టి, ఒక బొమ్మ మీద వేలు పెట్టి, "అమ్మా, గీ ముసలామె ఎవలే?" అంది. ఆ బొమ్మలో ఎవరో ముసలమ్మ కట్టెల మోపు మోసుకుపోతోంది, అంతే. నేను పుస్తకం లాక్కుని మూసేశాను. దాని వీపు మీద ఒకటి వేశాను కూడా. ఎందుకు కొట్టానో పాపం దానికేం తెలుసు? వెక్కుతూ పోయి వాళ్ల నాన్న వెనక నిలబడింది. 

ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఇంకొకరు అడిగారు. అప్పుడు నేను చెప్పిన జవాబు గురించే ఇదంతా.

డెబ్బైల చివర నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు మట్టెవాడలో. ఉద్యోగం వచ్చిన ఊరు రఘునాథపల్లి నుంచి ఇంకా లోపలికి పోవాలి. ఆ ఊరి పేరు రాయను. రాయడానికి ఇప్పటికీ ధైర్యం లేదు. పొద్దున్నే వరంగల్‌లో ప్యాసింజర్ బండి ఎక్కి, రఘునాథపల్లిలో దిగి, చెప్పులు చేతపట్టుకుని చేల గట్ల మీద నడుచుకుంటూ పోయేదాన్ని. బడి అంటే రెండు గదులు, ఒక వరండా. పెద్దసారు ఒకాయన ఉండేవాడు గానీ ఆయనకు ఎప్పుడూ పంచాయతీ సమితి ఆఫీసులోనే పని. నాలుగైదు తరగతుల పిల్లలంతా నా గదిలోనే.

ఆ పిల్లలకు పద్యం అంటే ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో వదిలేసేది. ముందుకీ వెనక్కీ ఊగుతూ అరిచేవాళ్లు. ఎక్కడ ఆపాలో తెలియదు. మధ్యలో ఎవడైనా తుమ్మితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే. అర్థం అడిగితే ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. పద్యాలంటే నాకు ప్రాణం. మా నాన్న బట్టల దుకాణంలో గుమాస్తా, రోజంతా తానులు విప్పి చుట్టి అలసిపోయి వచ్చేవాడు, అయినా రాత్రి భోజనాల దగ్గర ఒక పద్యం పాడి దాని అర్థం నాకు కథలాగా చెప్పేవాడు. అంత మంచిది వీళ్ల నోళ్లలో పడి గడ్డిపరక అయిపోతుంటే చూడలేకపోయాను.

నేను డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసయ్యాను. బొమ్మ వేస్తే పోలిక తప్పేది కాదు, ఇంట్లో అందరూ అదే చెప్పి మురిసేవాళ్లు. పాత క్యాలెండర్ల వెనకవైపు పద్యానికొక బొమ్మ వేయడం మొదలుపెట్టాను. కాయల బరువుకు కొమ్మలు వంచిన మామిడి చెట్టు. గాలికి రెపరెపలాడుతున్న దీపం. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వాటిని వేలాడదీసేదాన్ని. నాకొక పద్ధతి ఉండేది. పొద్దున బొమ్మ మాత్రమే కట్టేది. పద్యం చెప్పేది కాదు. ఏం కనపడుతోందో పిల్లలే చెప్పాలి. పోట్లాడుకోవాలి. సాయంత్రం బడి విడిచే ముందు పద్యం చదివితే, పొద్దుటి నుంచి చూసిందంతా మాటల్లో వినపడేది వాళ్లకు. అప్పుడు ఆ చిన్న ముఖాలు చూడాలి మీరు! గొర్రెలు కాసే ఇంటి పిల్ల ఒకతె పద్యం విని, "టీచర్, గా మామిడి చెట్టు మా తాత లెక్కనే ఉన్నది" అంది. అంతకన్నా ఏ టీచరుకైనా ఏం కావాలి? ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గర్వంగా ఉంది. ఆ గర్వం దగ్గరే నా బతుకు పాడైంది.

తరువాతి పద్యం పేరాశ గురించి. ఎవరు రాశారో, అందులో మాటలేమిటో చెప్పను, నా నోటితో ఆ పద్యం మళ్లీ పలకనని ఒట్టు పెట్టుకున్నాను. ఎంత తిన్నా కడుపు నిండని పిశాచి పేరాశ అని అందులో ఉంటుంది. ముందురోజు మాటల్లో ఆ సంగతి అన్నాను. స్వరూప అనే పిల్ల ఉండేది. నల్లగా, సన్నగా, కళ్లు మాత్రం ఇంతింత. ప్రతిదానికీ మొదటి ప్రశ్న దానిదే. "పేరాశ ఎట్లుంటది టీచర్? మనం జూస్తే గుర్తు వడుతమా?" అని అడిగింది.

"రేపు చూపిస్తా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు తినడానికి ఇళ్లకు పోయినప్పుడు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కొమ్ములు పెట్టి ఒకటి వేశాను. వీధి భాగవతంలో రాక్షసుడి వేషంలా వచ్చింది. పిల్లలు పగలబడి నవ్వుతారు. నాలుక బయటకు పెట్టి ఇంకొకటి వేశాను. అది ఇంకా అన్యాయం. నాకు ముఖం కావాలి. నిజం ముఖం కావాలి. తల ఎత్తేసరికి కిటికీ అవతల కొమురవ్వ ఉంది.

కొమురవ్వ బడి ముందు వేపచెట్టు కింద గంప పెట్టుకుని ఉడకబెట్టిన పల్లికాయ, రేగుపండ్లు అమ్మేది. భర్త పోయాడు. పిల్లలు లేరు. ఊరి చివర గుడిసెలో ఒక్కతే. ఒక కంట్లో పువ్వు పడి తెల్లగా ఉండేది. పైపళ్లు రెండు పెదవి దాటి బయటికి వచ్చేవి, నోరు మూసినా మూసినట్టుండేది కాదు. నేను పొద్దున పోగానే "వచ్చినవా బిడ్డా" అని, సాయంత్రం వచ్చేటప్పుడు "పైలంగ పో బిడ్డా" అని చెప్పేది. ఆమె గురించి ఊళ్లో ఏమనుకునేవాళ్లో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం ఎండ ఆమె ముఖం మీద పక్క నుంచి పడుతోంది. దవడ ఎముకలు, ఆ పళ్లు, ఆ తెల్లటి కన్ను. నా చెయ్యి ఆగలేదు. "అవ్వా, జర అట్లనే కూసో, కదలకు" అన్నాను.

"ఎందుకు బిడ్డా?"

"నీ బొమ్మ గీస్త."

ఆమె ఎంత మురిసిపోయిందో! కొంగు తల మీదికి లాక్కుంది, జుట్టు చెదిరిందేమోనని వేలితో తడుముకుంది. ఈగ వాలినా తోలుకోకుండా కూర్చుంది. నేను గీశాను. ఆ ముఖానికి కింద పెద్ద పొట్ట తగిలించాను, గోళ్లు పెంచాను, జుట్టు విరబోశాను, చేతిలో అన్నం కుండ పెట్టాను. పెదవి మీదికి వచ్చిన ఆ రెండు పళ్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టే వేశాను. అంత బాగా నేను ఎప్పుడూ ఏ బొమ్మా వేయలేదు.

అయిపోయాక "చూపియ్యవా?" అంది. రంగులు వేశాక చూపిస్తానన్నాను. గంపలోంచి గుప్పెడు పల్లికాయ తీసి కిటికీ ఊచల్లోంచి నా చేతిలో పోసింది. ఇంకా వేడిగా ఉన్నాయి.

బొమ్మ తాడుకు కట్టిన రోజు గది గదంతా కెవ్వుమంది. చిన్నపిల్లలు బల్లల కింద దూరారు. పెద్దవాళ్లు దగ్గరికి పోయి ముట్టుకుని పరుగెత్తుకొచ్చారు. సాయంత్రం పద్యం చెబితే ఒక్కసారికే వచ్చేసింది అందరికీ. ఒక్క తప్పు లేదు. భయం ఎంత త్వరగా నేర్పుతుందో ఆ రోజు చూశాను. చూసి సంతోషించాను. ఆ నెలలోనే బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిల్లల చేత పద్యం చదివించుకుని, బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడి, "శభాష్ అమ్మా, వీటన్నింటినీ హనుమకొండలో ప్రదర్శనకు పెడదాం" అన్నాడు. ఆ రోజు గట్ల మీద నడిచానో, గాలిలో నడిచానో నాకే తెలియదు.

పిల్లలు కొమురవ్వ దగ్గర కొనడం మానేశారు.

మొదట రెండు మూడు రోజులు నాకు తట్టలేదు. తరువాత తట్టింది. చెట్టు కింద గంప నిండుగా వచ్చి నిండుగానే పోయేది. ఆమె ఊళ్లోకి నడిచి పోతుంటే పిల్లలు దూరం దూరంగా వెంటపడి ఆ పద్యం గొంతెత్తి చదివి పారిపోయేవాళ్లు. కొమురవ్వ ఆగి, నవ్వుతూ వినేది. తనను అంటున్నారని ఆమెకు తెలియదు. "ఎంత మంచిగ చదువుతాండ్లు బిడ్డా పోరగాండ్లు! నువ్వు వచ్చినంకనే గింత చదువు వచ్చింది" అని నాతో అంది ఒకసారి. ఆ వెంటనే, "నా దగ్గరికైతె ఒక్కలు వస్తలేరు. ఏమైందో జర అడుగు" అంది.

అడుగుతానన్నాను. బొమ్మ తీసేయాలని ఆ రోజే అనుకున్నాను. తాడు దాకా పోయాను, క్లిప్పు మీద చెయ్యి కూడా వేశాను. ప్రదర్శన అయిపోయాక తీసేద్దాంలే అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. మనిషి ఒకళ్ల గొంతు కోసేటప్పుడు ఏదో పెద్ద ఆలోచన ఉంటుందనుకుంటాం. నాకు హనుమకొండ ప్రదర్శన తప్ప ఇంకేమీ లేదు.

కొన్నాళ్లకు స్వరూప బడికి రాలేదు. జ్వరం అన్నారు. జ్వరంలో పలవరిస్తోందన్నారు. ఏమని? ఆ పద్యమే. పద్యం మధ్యలో ఆపి, "పేరాశ వస్తాంది, నన్ను తింటాంది" అని కేకలు వేస్తోందట. పిల్లలే నాకు చెప్పారు. చెబుతూ బొమ్మ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు. 

మరుసటి రోజు పొద్దున, అప్పుడే హాజరు పిలిచాను, స్వరూప తండ్రి మల్లయ్య గదిలోకి వచ్చాడు. వెనక ఇంకా కొందరు మగవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. పెద్దసారు సమితికి పోయాడు. మల్లయ్య మంచివాడు, ఎప్పుడు ఎదురుపడినా చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాడు. ఆ రోజు పెట్టలేదు. రాత్రంతా నిద్ర లేని కళ్లు. నేరుగా బొమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు. ఎంతసేపు చూశాడో.  అప్పుడు వేలు పెట్టి అడిగాడు.

"టీచరమ్మా, గీమె ఎవలు?"

నేను హాజరు పుస్తకం మూశాను.

"గిది కొమురవ్వ మొఖమే గదా? నువ్వేమన్న జూసినవా? నీకేమన్న ఎరుకైందా? చెప్పమ్మా, నా బిడ్డ చచ్చిపోతాంది."

 మీద పడి కొడతాడేమో అనిపించింది నాకు. గుమ్మంలో ఉన్నవాళ్ల చేతులు చూశాను. నేను ఒంటరి ఆడదాన్ని, పొరుగూరి దాన్ని, నా బండి మళ్లీ సాయంత్రానికి గాని లేదు. ఈ బొమ్మ చూసే పిల్ల జడుసుకుందని, తప్పు నాదని వీళ్లకు తెలిస్తే నన్నేం చేస్తారు? ఉద్యోగం పోతుందా? అంతకన్నా ముందు ఈ గదిలోంచి బయటపడతానా?  ఒక్క మాట చెప్పాల్సింది నేను. ఆమె నా కిటికీ ముందు కూర్చుంటుంది కాబట్టి ఆమె ముఖం చూసి గీశానని, ఆమెకే పాపమూ తెలియదని. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"నాకేం తెల్వదన్నా" అన్నాను. "గీస్తాంటే దానంతట అదే గట్ల వచ్చింది."

మల్లయ్య నా వంక చూసి, బొమ్మ వంక చూసి, తల ఊపాడు. గుమ్మంలో ఎవరో "దేవుడే జూపిచ్చిండు" అన్నారు. అందరూ వెళ్లిపోయారు. నేను కుర్చీలో కూలబడ్డాను. ఏం అనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. నన్ను ఏమీ అనలేదు కదా అనిపించింది.

ఇక్కడ ఆగి ఒకటి ఒప్పుకోవాలి. కొమురవ్వ గురించి ఊళ్లో ఏమనుకునేవాళ్లో నాకు తెలియదని పైన రాశాను. అది అబద్ధం. ఇంతమందికి అబద్ధం చెప్పినదాన్ని, మీకు కూడా చెప్పేశాను, అలవాటైపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే బడికి నీళ్లు తెచ్చే ఆమె చెప్పింది, "ఆమె చేతివి తినకు టీచరమ్మా, ఆమెకు బాణామతి వస్తదంటరు" అని. నేను నవ్వేశాను. చదువుకున్నదాన్ని కదా. ఆమె పల్లికాయ తిన్నాను, మూఢనమ్మకాలు లేవని చూపించుకోవడానికి అందరి ముందూ తిన్నాను. కానీ ఆ మాట ఎక్కడికీ పోలేదు. పిశాచికి ముఖం వెతుకుతున్నప్పుడు ఆ మాటే నా కళ్లను కిటికీ వైపు తిప్పిందా? అలా కాదని నన్ను నేను ఎన్నిసార్లు నమ్మించుకోబోయానో. దానంతట అదే వచ్చిందని మల్లయ్యతో అన్నప్పుడు, ఆ ఊళ్లో ఆ మాటకు ఏ అర్థం వస్తుందో నాకు తెలియదా? తెలుసు. అప్పుడే తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట నన్ను కాపాడుతుందని లోపలెక్కడో లెక్క వేసుకున్నాను.

కాసేపటికి ఊరి చివర నుంచి కేకలు వినపడ్డాయి.

చేతబడి చేస్తారని అనుమానం పడ్డవాళ్లను పట్టుకుంటే ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. మంత్రం పలకకుండా ముందు నోటి సంగతి చూస్తారు. పళ్లు రాలగొడతారు. ఆ కేక మనిషి గొంతుదో, ఇంకెక్కడిదో చెప్పలేను. మధ్యలో "అయ్యో నాయనలారా" అని ఒక్కసారి స్పష్టంగా వినపడింది. పిల్లలు లేచి నిలబడ్డారు. ఒకడు కిటికీ వైపు పరుగెత్తాడు. వాణ్ని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాను. కిటికీ రెక్కలు మూశాను.  ఏం చేయాలి? పరుగెత్తాలి. చేల మీదుగా పరుగెత్తి, అది నేను గీసిన బొమ్మరా, ఆమెను వదలండిరా అని అరవాలి. ఊరి చివర ఎంత దూరమని? కనిపించేంత దూరం.

"పద్యం చెప్పండి" అన్నాను.

పిల్లలు నా వంక చూశారు.

"చెప్పండి. గట్టిగా. అందరూ."

ఏ పద్యమో నేను చెప్పలేదు. వాళ్లే ఎత్తుకున్నారు. వాళ్లకు బాగా వచ్చిన పద్యం అదే కదా. ఒక్క తప్పు లేకుండా, ఊగుతూ, ఏడుస్తూ, గొంతులు చించుకుని చదివారు. అయిపోతే మళ్లీ చెప్పండి అన్నాను. మళ్లీ చదివారు. బెత్తంతో బల్ల మీద కొడుతూ ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని నేనే అరిచాను. అవతలి కేక నా చెవిన పడకుండా చాలాసేపు చదివించాను. పిల్లలు ఆగాక విన్నాను. అవతల కూడా ఏమీ వినపడటం లేదు.

అప్పుడు నాకు కలిగిన భయం ఇప్పటికీ దిగలేదు.

పిల్లల్ని ఇళ్లకు పంపేశాను. బొమ్మను తాడు మీది నుంచి తీసి, మడిచి, రవికలో దోపుకున్నాను. సాయంత్రం బండి కోసం స్టేషన్లో స్తంభం చాటున నిలబడ్డాను. ఇంటికి పోయి అమ్మ స్నానానికి పోయినప్పుడు పొయ్యిలో పెట్టాను. మంచి దళసరి కాగితం, ఒక పట్టాన అంటుకోలేదు. జ్వరమని సెలవు పెట్టాను. మా బాబాయికి తెలిసినవాళ్లు ఉంటే, గట్ల మీద నడవలేకపోతున్నానని వంక చెప్పి బదిలీ చేయించుకున్నాను. పోలీసులు వచ్చి అడిగారట, బడిలో బొమ్మేదో ఉందటగా అని. పెద్దసారు నాకు చీటీ రాసి పంపితే, అలాంటిదేమీ లేదని జవాబు రాశాను. ఆయన పాపం నన్ను నమ్మాడు.

స్వరూప బతికింది. టైఫాయిడ్ అని వరంగల్ దవాఖానలో చెప్పారట, మందులతో తగ్గిందట. ఈ మాట విన్నప్పుడు సంతోషపడాలి. మరి కొమురవ్వను దేనికి కొట్టినట్టు అనుకున్నాను. కొమురవ్వను కూడా అదే దవాఖానలో పడేశారని విన్నాను. మా ఇంటి నుంచి అది ఎంత దూరమో వరంగల్ తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నేను పోలేదు. ఒకసారి గేటు దాకా పోయాను, చేతిలో బత్తాయిలు కూడా ఉన్నాయి. వాటిని దారిలో ఒక ముష్టివాడికి ఇచ్చి వెనక్కి వచ్చేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పెళ్లయింది, హసన్‌పర్తి వైపు బడికి మారాను, చిన్నది పుట్టింది. దానికి నడక వచ్చిన కొత్తలో ఒకరోజు హసన్‌పర్తి బస్టాపులో నిలబడ్డాను. ఎవరో "బిడ్డా" అన్నారు. ఆ పిలుపు విని నేను తిరగకముందే నాకు తెలిసిపోయింది.

గంప ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నోరు లోపలికి పోయింది. ఆ రెండు పళ్లు లేవు, అసలు ముందు పళ్లే లేవు. దవడ ఒక పక్కకు జరిగి ఉంది. నేను వేసిన బొమ్మ పోలిక ఇంక ఆ ముఖంలో లేదు. ఒక్క తెల్లటి కన్ను తప్ప.

"మంచిగున్నవా బిడ్డా? ఈ పిల్ల నీదేనా?" అంది. మాటలు పెదవుల మధ్య నుంచి జారిపోతున్నాయి. చెయ్యి చాచి చిన్నదాని బుగ్గ ముట్టుకోబోయింది.

నేను చిన్నదాన్ని వెనక్కి లాగేశాను.

ఎందుకు లాగాను? నేను చదువుకున్నదాన్ని కదా. బాణామతి అంటే నవ్వినదాన్ని కదా. ఆ చెయ్యి నా బిడ్డకు తగిలితే ఏమవుతుందని భయపడ్డాను? మల్లయ్య ఆ పొద్దున పడ్డ భయమే నాకూ పట్టింది. అతనికి కనీసం జ్వరంలో పిల్ల ఉంది. నాకేముంది? నా చేత్తో నేను గీసిన అబద్ధాన్ని నేనే నమ్మి బెదిరాను.

కొమురవ్వ చాచిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.  గంపలోంచి గుప్పెడు పల్లికాయ తీసి కాగితంలో పోసి ఇచ్చింది. డబ్బులు ఇవ్వబోతే వద్దంది. బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే వెనక నుంచి అడిగింది.

"అప్పుడు నా బొమ్మ గీస్తివి గదా బిడ్డా. చూపిస్తనంటివి. చూపియ్యనే లేదు."

తెలిసి అడిగిందా? తెలియక అడిగిందా? నవ్వుతూనే ఉంది, కానీ ఆ నోటితో ఆమె నవ్విందో లేదో ఎలా చెప్పను? నేను బస్సెక్కి అవతలి వైపు కూర్చున్నాను. చిన్నది పల్లికాయ తింటానని పేచీ పెట్టింది. తిననివ్వలేదు. కిటికీలోంచి పారేశాను.

ఆ తరువాత ఆ బస్టాపులో ఆమె మళ్లీ కనపడలేదు. నేను వెతకలేదు. ఉందో పోయిందో తెలియదు. ఇది చదివి నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. మీరు తిట్టినా నాకేమీ తేడా పడదు, అంతకన్నా ఎక్కువే తిట్టుకున్నాను. ఇది అచ్చయితే ఎవరైనా పోల్చుకుని మా ఇంటి మీదికి వస్తారేమోనని మాత్రం భయంగా ఉంది. రాస్తూ రాస్తూ రెండుసార్లు లేచి పోయి తలుపు గడియ చూసుకొచ్చాను.

ఇవాళ పొద్దున చిన్నదాన్ని పిలిచి ఆ పుస్తకం మళ్లీ తెరిచాను. భయపడుతూనే వచ్చి పక్కన కూర్చుంది. ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "ఈమె ఎవరో నాకు తెలియదమ్మా, కట్టెలు మోసుకుని ఇంటికి పోతున్న ఒక అవ్వ" అని చెప్పాను. "మంచామేనా?" అని అడిగింది. మంచామే అన్నాను. పుస్తకం దాని చేతికి ఇచ్చేశాను.

మిగిలింది ఒక్క జవాబు. అది ఆ రోజు, ఆ గదిలో, పిల్లలందరి ముందూ చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఒక మనిషి పళ్లు ఆమె నోట్లోనే ఉండేవి. ఇప్పుడు రాస్తే ఎవరికీ ఏమీ తిరిగి రాదని తెలుసు. అయినా ఈ చెయ్యి ఆ మాట రాసేదాకా నన్ను వదిలేలా లేదు.

మల్లయ్యన్నా, ఆ బొమ్మలో ఉన్నది కొమురవ్వ. దానంతట అది రాలేదు. కదలకుండా కూర్చోమని అడిగి, ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే గీశాను.